ముప్పై ఎనిమిది

అరవై రెండు దిర్హాములు పెట్టి
ఒక దీపం తెప్పించుకున్న.
మంచం పట్టెను క్లిప్పుతోటి కరుచుకునే దీపం,
బొటనవేలంత తల, ఎటన్న వంగే మెడ.
షార్జా క్యాంపుల తొమ్మిదికి లైట్లు ఆర్పేస్తరు.
ఆరినంక నాకు రెండో డ్యూటీ:
చిరిగిన కవరాల్ కుట్టుడు, ప్యాంటు కింద మడుసుడు,
ఒక్కోదానికి మూడు దిర్హాములు.
ఫోను నోట్ల కరుచుకుని ఆ వెలుగుల
సూదిని ఎంగిలి చేసుడే గని
దారం ఎక్కేది కాదు.

అందుకే దీపం.

బుధవారం పొద్దున మెసేజ్: బయలుదేరింది.
పగటీలి: దగ్గరలో ఉంది.
నేను పద్నాలుగో అంతస్తుల
ఏసీ డక్టు లోపల బోర్లా పండి ఉన్న.
నాలుగింటికి: మీకు అందజేశాం.
కింద ఒక ఫొటో.
నాతూర్ కుర్చీ, కుర్చీ మీద డబ్బా,
డబ్బా పక్కన ఆయన తాగి పెట్టిన చాయ్ గ్లాసు.
రాత్రి నేనొచ్చేసరికి
కుర్చీ ఉన్నది. గ్లాసు సుత ఉన్నది.

“ప్రియమైన లింబాద్రి గారూ,
మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం.
అందని వస్తువు ఫొటో పంపండి.”
అందనిదాని ఫొటో ఎట్ల తీస్తరు?
ఉత్త కుర్చీని తీసి పంపిన.
“స్పష్టంగా లేదు. మళ్లీ పంపండి.”
ఈసారి నా రెండు అరచేతులు తీసి పంపిన.
ఏమనుకున్నదో ఆ మిషను, ఒప్పుకున్నది.
ఆఖరుకు ఒక గడి: కారణం ఎంచుకోండి.
ఆలస్యం. పగిలింది. వేరే వస్తువు. దొంగతనం.
నాలుగోదాని మీద వేలు పెట్టిన.
గంతే. పెట్టి తీసిన.

ఆరో రోజు పైసలు వాపస్ వచ్చినయి,
ఒక్క ఫిల్సు తక్కువ లేకుండ.
గెలిచినట్టే అనిపిచ్చి ఇద్దరికి చాయ్ తాపిన.

శుక్రవారం రాత్రి
ఎదురు గదిల, పై మంచం మీద దుప్పటి గుడారం.
అంచు కింద తెల్లటి గీత.
ఎక్కి దుప్పటి లేపిన.
భూమేష్. ఇరవై రెండేండ్ల పోరడు, వచ్చి నాలుగు నెల్లు.
ఒడిల డ్రైవింగు గుర్తుల పుస్తకం,
ఎర్ర త్రికోణాల మీదికి
నా దీపం మెడ వంచి చూస్తున్నది.
“కుర్చీ మీద ఉండె అన్నా” అన్నడు,
తప్పంతా కుర్చీదే అన్నట్టు.
కొడదామని చెయ్యి లేసింది.
ఆ చేతితోనే నిచ్చెన పట్టుకుని ఉన్న. కొట్టలే.

లెక్క మాట్లాడుకున్నం.
ముప్పై ఇప్పుడు, ముప్పై రెండు జీతం నాడు.
నాకైతే వాపస్ వచ్చినయి, మరి ఇవి ఎవరియి?
డబ్బా పోతే కోత పడేది తెచ్చినోడికే అని
నాతూర్ చెప్పిండు.
జర్వలీ. స్వాత్ దిక్కు పోరడు.
గేటు కాడ బైకు ఆపిచ్చి
అరవై రెండు చేతిల పెట్టిన.
లెక్కపెట్టిండు. హెల్మెట్ తియ్యలే.
“నూరు కోసిండ్రు భాయ్” అన్నడు.
“సామానుకు అరవై రెండు.
చోరీ అని రాసినందుకు ముప్పై ఎనిమిది.”
గొంతుల కోపం లేదు. ఎవరు రాసిండ్రని అడుగలే.
ఫోన్ల ఇంకో ఆర్డర్ మోగింది, పోయిండు.

ఆలస్యం అని నొక్కొచ్చు.
అదే గడిల, మూడు వరుసలు పైన ఉండె.

ఇప్పుడు తొమ్మిది నుంచి పది దాక
దీపం భూమేష్ గుర్తులకు,
పది దాటినంక నా సూదికి.
ముప్పై ఎనిమిదిల మూడు ఎన్నిసార్లు పోతది?
పన్నెండు ప్యాంట్లు కుట్టినా
ఇంకో రెండు దిర్హాములు బాకీ ఉంటయి.
ఆ రెంటికి ఏం కుట్టాలెనో తెలుస్తలేదు.
ఇయ్యాల ఏడోది మడుస్తున్న.
దారం ఒక్కసారికే ఎక్కింది.